మజిల్ కారునకు ఏ చక్రము తగును?

దూరమునుండి వచ్చు కారును చూచువాని కంటికి మొదట దాని ఆకారము, ఆ వెనువెంటనే దాని చక్రములు కనబడును. పాత కారును బాగుచేయించి మరల రోడ్డెక్కింపదలచినవారు రంగు తరువాత ఎక్కువగా ఆలోచించునది చక్రములను గురించియే. అయిదు ఆకుల చక్రము బాగుండునా, గాలి సందులు గల రేకు చక్రము బాగుండునా, నిగనిగలాడు క్రోమియము పూత కావలెనా, బూడిదవన్నె చాలునా అని నెలల తరబడి తర్కించుకొందురు. కాని చక్రము కారునకు ఆభరణము కాదు, అవయవము. కారు బరువంతయు దానిమీద నిలుచును. ఇంజను బలమంతయు దానిద్వారానే నేలకు అందును. బ్రేకులలో పుట్టిన వేడిలో చాలభాగము దాని సందులగుండా వెలుపలికి పోవలెను. కావున చక్రమును ఎన్నుకొనునపుడు కంటికంటె ముందు కొలబద్ద పనిచేయవలెను. అమెరికాలో 1960లలో వెలసిన ‘మజిల్ కారుల’ చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధించును.

మజిల్ కారనగా నేమి?

‘మజిల్’ అనగా కండరము. మధ్యరకపు పరిమాణము గల సామాన్యమైన కుటుంబపు కారులో, పెద్ద కారుకొరకు ఉద్దేశించిన బలమైన ఇంజనును అమర్చగా తయారైనది మజిల్ కారు. ఈ తరహాకు 1964వ సంవత్సరపు పాంటియాక్ జి.టి.ఓ.తో నాంది జరిగినదని సాధారణముగా చెప్పుదురు. అందులో 389 ఘనపు అంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉండెను. దాని శక్తి 325 అశ్వశక్తి అని సంస్థ ప్రకటించినది. తరువాత షెవర్లే షెవెల్, డాడ్జ్ ఛార్జర్, ప్లిమత్ రోడ్ రన్నర్ మొదలగునవి పోటీకి దిగినవి. 1964లో వచ్చిన ఫోర్డ్ ముస్టాంగ్, 1967 మోడలుగా వచ్చిన షెవర్లే కమారో పరిమాణమున చిన్నవైనను, పెద్ద ఇంజను అమర్చిన పిమ్మట వీటి సరసనే నిలిచినవి. 1970 నాటి షెవెల్‌లో 454 ఘనపు అంగుళముల ఇంజను 450 అశ్వశక్తి ఇచ్చునని ప్రకటింపబడినది. అదియే ఈ పోటీకి పతాక స్థాయి. 1970లో వచ్చిన వాయు శుద్ధి చట్టము, పెరిగిన బీమా రుసుములు, 1973 అక్టోబరులో మొదలైన చమురు కొరత ఈ యుగమునకు తెర దించినవి. నేడు మిగిలియున్నవి అర్ధశతాబ్దము దాటిన వాహనములు. వాటిని ప్రీతితో కాపాడుకొనువారు అనేక దేశములలో ఉన్నారు.

ఈ కారులలో ఇంజను పెరిగినంత వేగముగా బ్రేకులు పెరుగలేదు. 1964 నాటి జి.టి.ఓ.కు నాలుగు చక్రములకును 9½ అంగుళముల వ్యాసము గల డ్రమ్ము బ్రేకులే ఉండెను. 1,600 కిలోగ్రాముల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిశక్తి, అనగా ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముతో గుణింపగా వచ్చునది, సుమారు 6,17,000 జౌళ్లు. కారును ఆపినపుడు ఈ శక్తిలో అధికభాగము బ్రేకులలో వేడిగా మారును. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనున్న రెండు లీటర్ల నీటిని మరిగించుటకు చాలినంత వేడి అది. కొండదారిలో మరల మరల బ్రేకు వేసినచో ఆ వేడి పేరుకొనిపోయి, బ్రేకు పట్టు సడలును. ఆ కాలపు చక్రముల రూపములను తీర్చిన కారణములలో ఈ వేడి ముఖ్యమైనది.

రూపములు – వాటి వెనుకనున్న కారణములు

ఎద్దుబండి చక్రమునకు ఇరుసు, ఆకులు, చుట్టును ఇనుప పట్టా ఉన్నట్లే, కారు చక్రమునకును హబ్బుకు బిగించు మధ్యభాగము, దానిని అంచుతో కలుపు ఆకులు లేక రేకు, టైరు కూర్చుండు రిమ్ము ఉండును. రూపభేదమంతయు మధ్యభాగములోనిదే.

అన్నిటికంటె సామాన్యమైనది అచ్చువేసిన ఉక్కు చక్రము. ఉక్కు రేకును పళ్లెమువలె అదిమి, రిమ్మునకు అతికి, నడుమ చిన్న మూత పెట్టుదురు. ఇది చౌక, దృఢము. దెబ్బ తగిలిన వెంటనే పగులక వంగును. అయితే దానిపై నిండుగా పెద్ద అలంకారపు మూత అమర్చినపుడు, బ్రేకునకు గాలి తగులుట తగ్గును.

ఈ లోపమును తీర్చుటకు వచ్చిన వానిలో ర్యాలీ చక్రము ప్రసిద్ధము. షెవర్లే సంస్థ 1967 మోడళ్లలో దీనిని ప్రవేశపెట్టినది. ఇదియును ఉక్కు చక్రమే. కాని మధ్యభాగము చుట్టును దీర్ఘచతురస్రపు సందులు ఉండును. ఆ సంవత్సరపు కమారోకు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు కోరినవారికి ఈ చక్రములనే జతచేసి ఇచ్చిరి. చూచువారు సొగసనుకొను ఆ సందులు నిజమునకు గాలి ద్వారములు.

పాంటియాక్ సంస్థ ఇదే సమస్యను మరియొక విధముగా పరిష్కరించినది. 1960 మొదలు 1968 వరకు తన పెద్ద కారులకు ఎనిమిది నట్ల చక్రమును ఐచ్ఛికముగా ఇచ్చినది. అందులో హబ్బు, బ్రేకు డ్రమ్ము రెండును కలిసి ఒకే అల్యూమినియము పోత. లోపల రాపిడి తగులుచోట మాత్రము పోత ఇనుప పొర ఉండును. డ్రమ్ము చుట్టును రెక్కలుండును. రిమ్మును ఆ డ్రమ్ము అంచునకే ఎనిమిది నట్లతో బిగింతురు. కాగా డ్రమ్ము గాలికి నేరుగా కనబడును. అల్యూమినియము ఇనుముకంటె వేడిని త్వరగా ప్రవహింపజేయును గనుక బ్రేకు త్వరగా చల్లబడును. ఈ చక్రమును జి.టి.ఓ.కు ఇయ్యలేదు. కావున నేడెవరైన ఒకే సంస్థవి గదాయని జి.టి.ఓ.కు దీనిని అమర్చినచో అది చరిత్రకు సరిపడదు. అంతేకాక డ్రమ్ముతోసహా అన్నియు మార్చవలసి వచ్చును.

‘మ్యాగ్నమ్ 500’ అను అయిదు ఆకుల చక్రము మోటార్ వీల్ సంస్థ తయారు. ఉక్కును అదిమి ఆకులవలె తీర్చి, క్రోమియము పూసి, నడుమ నల్లరంగు వేసిరి. ఫోర్డ్, క్రైస్లర్ కారులు రెండింటియందును ఇది కనబడును. పోత చక్రపు అందమును ఉక్కు చక్రపు దృఢత్వముతో కలుపుట దీని ఉద్దేశము.

పందెపు కారులనుండి వచ్చిన తరహా వేరు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము టెడ్ హాలిబ్రాండ్ అను నతడు ఇండియానాపోలిస్ పందెపు కారులకు మెగ్నీషియముతో చక్రములు పోతపోసెను. ఆ లోహపు పేరునుండియే ‘మ్యాగ్’ చక్రము అను మాట పుట్టి, తరువాత అల్యూమినియము చక్రములకును వ్యాపించినది. 1956లో సాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన అమెరికన్ రేసింగ్ సంస్థ వారి ‘టార్క్ థ్రస్ట్’ చక్రములో ఆకులు క్రమముగా సన్నబడును. ఆకుల మధ్య గాలికి విశాలమైన త్రోవ కలదు. డిస్కు బ్రేకులు వచ్చినపుడు వాటి క్యాలిపరు ఆకులకు తగులకుండుటకై, ఆకులను వెలుపలికి వంచి ‘డి’ అను రకమును చేసిరి. 1968 నాటి ‘బుల్లిట్’ చలనచిత్రమున ముస్టాంగ్ కారునకు ఉన్నవి ఈ రకపు చక్రములే. 1964లో వచ్చిన ‘క్రాగర్ ఎస్.ఎస్.’ చక్రములో మధ్యభాగము అల్యూమినియము, రిమ్ము ఉక్కు. రెంటికిని క్రోమియము పూత. చూచుటకు ఒకే లోహపు చక్రమువలె ఉన్నను, బరువు విషయమున అది పూర్తి అల్యూమినియము చక్రముతో సమానము కాదు.

నాలుగు కొలతలు

రూపము నచ్చినంతనే చక్రము సరిపడదు. నాలుగు కొలతలు కుదురవలెను.

మొదటిది స్టడ్ల వృత్తము. చక్రమును హబ్బుకు బిగించు స్టడ్లు ఒక వృత్తముపై సమదూరమున ఉండును. ఆ వృత్తపు వ్యాసమే ఈ కొలత. జి.టి.ఓ., షెవెల్, కమారో మొదలగు జనరల్ మోటార్స్ మజిల్ కారులకు అయిదు స్టడ్లు, 4¾ అంగుళముల వృత్తము. ముస్టాంగ్ ఎనిమిది సిలిండర్ల కారునకు, క్రైస్లర్ వారి ఛార్జర్, రోడ్ రన్నర్ కారులకు అయిదు స్టడ్లు, 4½ అంగుళముల వృత్తము. ఆరు సిలిండర్ల తొలి ముస్టాంగ్‌కు నాలుగే స్టడ్లు. డాడ్జ్ డార్ట్ వంటి క్రైస్లర్ చిన్న కారులకు 1972 వరకు 4 అంగుళముల వృత్తమే.

అయిదు స్టడ్లు ఉన్నపుడు ఏ రెండును ఎదురెదురుగా ఉండవు. కావున వ్యాసమును నేరుగా కొలుచుట కష్టము. రేఖాగణితము దీనికి ఉపాయము చెప్పును. ప్రక్కప్రక్క స్టడ్ల మధ్య కేంద్రమువద్ద కోణము 72 డిగ్రీలు. వాటి కేంద్రముల మధ్య దూరమును 1.701తో గుణించిన వృత్తపు వ్యాసము వచ్చును. ఆ దూరము 4¾ అంగుళముల వృత్తమునకు 70.9 మిల్లీమీటర్లు, 4½ అంగుళముల వృత్తమునకు 67.2 మిల్లీమీటర్లు. భేదము నాలుగు మిల్లీమీటర్లకు లోపే! కంటికి రెండును ఒకటిగానే తోచును. ఒకదాని చక్రమును వేరొకదానికి బలవంతముగ బిగించినచో స్టడ్లు వంగును, నట్లు తమ గుంటలలో సరిగా కూర్చుండవు. అట్టి చక్రము దారిలో ఊడివచ్చు ప్రమాదము కలదు.

రెండవది నడిమి రంధ్రము. హబ్బు ముందుకు పొడుచుకొనివచ్చు భాగము దానిలో దూరవలెను. రంధ్రము చిన్నదైన చక్రము హబ్బుకు ఆనదు.

మూడవది వెడల్పు, ఆఫ్‌సెట్టు. చక్రమును హబ్బుకు ఆనించు తలము రిమ్ము నడిమి రేఖకు ఎంత దూరమున ఉన్నదో తెలుపునది ఆఫ్‌సెట్టు. లోపలి అంచునుండి ఆ తలము వరకు గల దూరమును బ్యాక్ స్పేసింగు అందురు. రిమ్ము వెడల్పును టైరు కూర్చుండు చోట్ల మధ్య కొలుతురు. బయటి అంచులకు రెండు ప్రక్కల కలిపి సుమారు ఒక అంగుళము అదనము. 7 అంగుళముల రిమ్మునకు మొత్తము 8 అంగుళములనుకొన్నచో, 4 అంగుళముల బ్యాక్ స్పేసింగు ఉన్నపుడు ఆఫ్‌సెట్టు సున్న. 8 అంగుళముల రిమ్మును తెచ్చి, బ్యాక్ స్పేసింగు 4 అంగుళములే ఉంచినచో, పెరిగిన అంగుళమంతయు వెలుపలికే పోవును. అప్పుడు టైరు మడ్‌గార్డు అంచునకు ఒరయవచ్చును. నేల చక్రమును పైకి నెట్టు బలము వెలుపలికి జరుగును గనుక, తక్కెడ కాడ పొడవైనట్లు, బేరింగుపై వంపు భారము పెరుగును. ముందు చక్రములైనచో స్టీరింగు తిరుగు అక్షమునకు, టైరు నేలను తాకుచోటికి మధ్య దూరము మారి, గుంటలో పడినపుడెల్ల స్టీరింగు చేతిని లాగును. బ్యాక్ స్పేసింగు అతిగా పెంచినచో టైరు లోపలివైపు స్ప్రింగులకు, స్టీరింగు కడ్డీలకు తగులును.

నాలుగవది వ్యాసము. ఆ కాలపు మజిల్ కారులలో చాలవాటికి 14 అంగుళముల రిమ్ములు, కొన్నిటికి 15 అంగుళములవి ఉండెను. నేడు కొందరు పెద్ద డిస్కు బ్రేకులకు చోటుకొరకు 17 అంగుళముల రిమ్ములు అమర్చుదురు. అప్పుడు టైరు గోడ ఎత్తు తగ్గించి, మొత్తము వ్యాసమును యథాతథముగ ఉంచవలెను. 225 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 70 వంతుల గోడ ఎత్తు గల 14 అంగుళముల టైరు వ్యాసము 670.6 మిల్లీమీటర్లు. 235 వెడల్పు, నూటికి 50 వంతుల ఎత్తు గల 17 అంగుళముల టైరు వ్యాసము 666.8 మిల్లీమీటర్లు. రెండును దాదాపు సమానము. అదే 45 వంతుల ఎత్తు గల టైరును ఎన్నుకొన్నచో 643.3 మిల్లీమీటర్లే. అప్పుడు కిలోమీటరునకు చక్రము 475 మారులకు బదులు 495 మారులు తిరుగును. వేగమాపకము 100 చూపినపుడు కారు నిజముగ పోవునది 96 మాత్రమే. వ్యాసముతోబాటు టైరు మోయగల బరువునుకూడ చూడవలెను.

లోహము – బరువు – అలసట

ఉక్కు సాంద్రత 7.85, అల్యూమినియము 2.70, మెగ్నీషియము 1.74. కాని ఉక్కుకంటె తక్కిన రెండును సులభముగ వంగును గనుక వాటిని దళసరిగా పోయవలెను. అందుచేత బరువు సాంద్రతల నిష్పత్తిలో తగ్గదు.

తిరుగు వస్తువు బరువునకు ఒక విశేషము కలదు. అది ముందుకును పోవలెను, తనచుట్టు తానును తిరుగవలెను. టైరు వెలుపలి అంచునందలి ఒక కిలోగ్రాము, వేగము పెంచునపుడు, కారు శరీరమునందలి రెండు కిలోగ్రాములతో సమానము. లోనికి పోయినకొలది ఈ అదనపు భారము దూరపు వర్గము ప్రకారము తగ్గును. పైన చెప్పిన టైరులో 14 అంగుళముల రిమ్ము వద్ద 10 కిలోగ్రాములు 12.8 కిలోగ్రాములుగను, 17 అంగుళముల రిమ్ము వద్ద 14.1 కిలోగ్రాములుగను ఇంజనునకు తోచును. అనగా పెద్ద రిమ్ము, అంతే బరువున్నను, కారును కొంత మందగింపజేయును. చక్రము స్ప్రింగులకు దిగువ ఉండును గనుక, అది బరువైనకొలది గతుకులలో నేలను విడిచి ఎగురుటకు అవకాశము హెచ్చును.

బలమునకుతోడు అలసటనుకూడ లెక్కింపవలెను. చక్రము ఒక చుట్టు తిరిగినపుడెల్ల ప్రతి ఆకును ఒకసారి వంగి లేచును. లక్ష కిలోమీటర్లలో అది 4 కోట్ల 75 లక్షల మారులు. ఉక్కునకు ఒక హద్దు కలదు. ఆ హద్దునకు లోబడిన బలమును అది ఎన్నిమారులైనను సహించును. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన హద్దు లేదు. మెగ్నీషియమునకు తుప్పు మరియొక శత్రువు. తడి, ఉప్పు తగిలినపుడు ఉక్కు నట్లకు, మెగ్నీషియమునకు మధ్య విద్యుద్ఘటము ఏర్పడి మెగ్నీషియము కరగిపోవును. కావున అరువది ఏండ్లనాటి మ్యాగ్ చక్రమును మెరుగుపెట్టించుటకు ముందు, పగుళ్లలోనికి ఇంకు రంగుద్రవముతో పరీక్షింపజేయవలెను. పరీక్షలో నిలువని చక్రము గోడకు అలంకారముగా తగునుగాని కారునకు తగదు.

నట్టు చిన్నదైనను

క్రైస్లర్ సంస్థ 1969 మోడళ్లకు అల్యూమినియము మధ్యభాగము, ఉక్కు రిమ్ము గల సొగసైన చక్రమును ఇచ్చినది. నట్లు వదులగుచున్నవని తేలగా వాటిని వెనుకకు పిలిపించినది. అప్పుడు తిరిగిరాక మిగిలినవి కొద్ది. నేడు సేకర్తలు వాటిని ‘రికాల్ చక్రములు’ అని పిలిచి ఎక్కువ వెలకు కొందురు. అరుదగుట వేరు, క్షేమమగుట వేరు అనుటకు ఇంతకంటె తార్కాణము లేదు.

అదే సంస్థ కారులకు 1970 వరకు ఎడమప్రక్క స్టడ్లపై ఎడమ మరలు ఉండెడివి. కారు ముందుకు పోవునపుడు, ఎడమవైపు నిలిచి చూచువానికి చక్రము గడియారపు ముల్లుకు వ్యతిరేకముగ తిరుగును. మామూలు నట్టు వదులగు దిశయు అదియే. ఆ భయముతో మరలను త్రిప్పిరి. ఈ సంగతి తెలియనివారు ఊడదీయబోయి మరింత బిగించి స్టడ్డును విరుగగొట్టుదురు. నట్టు అడుగు రూపముకూడ ముఖ్యమే. కొన్ని చక్రములకు శంకువు ఆకారపు అడుగు గల నట్లు, కొన్నిటికి పొడవాటి మెడయు చదునైన వాషరును గల నట్లు కావలెను. ఒకదానికి బదులు వేరొకటి వాడరాదు. నట్లను ఒకదాని ప్రక్కది కాక, ఒకటి విడిచి ఒకటిగ, నిర్ణయించిన బలముతో బిగించి, కొంతదూరము నడిపిన పిదప మరల సరిచూడవలెను.

ఎన్నుకొను క్రమము

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఎంపికకు ఒక క్రమము ఏర్పడును. మొదట స్టడ్ల వృత్తము, నడిమి రంధ్రము, బ్యాక్ స్పేసింగు కొలువవలెను. పిమ్మట బ్రేకునకు చోటును, గాలికి త్రోవను చూడవలెను. ఆ తరువాత చక్రము మోయగల బరువు, దాని లోహపు ఆరోగ్యము. ఈ మూడు పరీక్షలలో నిలిచినవానిలోనుండి రూపమును ఎన్నుకొనవలెను.

రూపమును ఎన్నుకొనునపుడు కారు దేనికొరకు ఉన్నదో ప్రశ్నించుకొనవలెను. ప్రదర్శనకు ఉంచు కారునకు, కార్ఖానానుండి వచ్చిన నాటి చక్రములే తగును. ఉక్కు చక్రములపై అచ్చొత్తిన గుర్తులు, తేదీలు పరీక్షకులు చదువుదురు. ఆ కాలమున యువకులు స్వయముగ మార్చుకొన్నట్లు కనబడవలెనన్నచో క్రాగర్, టార్క్ థ్రస్ట్ వంటివి చరిత్రకు విరుద్ధములు కావు. తరచు దూర ప్రయాణములు చేయు కారునకు, పెద్ద బ్రేకులు పట్టు 17 అంగుళముల చక్రములును ఒప్పును. కాని అసలు చక్రములను పారవేయక భద్రపరుపవలెను. కొత్తవానిని ఎప్పుడైనను కొనవచ్చును, ఆ నాటి అసలువానిని మరల సంపాదించుట కష్టము.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగ చూపవచ్చును. అయిదు నట్ల చక్రము గల ఏ కారునైనను తీసికొని, నిలిచియున్నపుడు రెండు ప్రక్కప్రక్క నట్ల మధ్య దూరమును విద్యార్థులచే కొలిపించి, 1.701తో గుణింపజేయవలెను. వచ్చిన వ్యాసమును ఆ కారు తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చి చూచినపుడు, పుస్తకములోని వృత్తమునకు రోడ్డుపై ఎంత పని ఉన్నదో వారికి తెలియును. సౌందర్యమును నిందింపనక్కరలేదు, ర్యాలీ చక్రపు సందులు, టార్క్ థ్రస్ట్ ఆకుల వంపు అందముగనే ఉన్నవి. అయితే వాటికి ఆ అందము వచ్చినది అవసరమునుండి. ఆ అవసరమును గ్రహించి ఎన్నుకొన్న చక్రము కంటికిని ఇంపుగ నుండును, ప్రాణమునకును రక్షగ నుండును.